కళింగాంధ్ర కథలో జీతము, కూలి, వెట్టి

తెలుగున శ్రమకు సంబంధించిన ప్రతిఫలమును గూర్చి చెప్పు మాటలలో మూడు ముఖ్యమైనవి: జీతము, కూలి, వెట్టి. ‘జీతము’ అనునది సంస్కృత ‘జీవిత’ శబ్దమునకు వికృతి. ‘వెట్టి’ అనునది ‘విష్టి’ శబ్దమునుండి పుట్టినది. ‘కూలి’ తమిళ, కన్నడ, మలయాళములందును గల దేశ్యపదము. ఈ మూడును మూడు మెట్లు. మనిషిని బ్రదికించుటకు చాలినది జీతము. నాటి పనికి నాడే కొలిచి యిచ్చునది కూలి. పనియుండి ప్రతిఫలము లేనిది వెట్టి. శ్రీకాకుళము, విజయనగరము ప్రాంతములందు వీనికి తోడు మఱియొక మాట వినవచ్చును. అది ‘కంబారి’. ఏడాదికి ఇంత ధాన్యమని మాట్లాడుకొని ఒక రైతు నింట కట్టుబడియుండి పనిచేయువాడు కంబారి. మొదటి మూడు మాటలును ప్రతిఫలమును చెప్పుచున్నవి. కంబారి యను మాట మనిషినే చెప్పుచున్నది. ప్రతిఫలమునకు పేరు పోయి మనిషికే పేరు మారిన స్థితి యిది. కళింగాంధ్ర కథాసాహిత్యమున కూలి యెట్లు చిత్రింపబడినదో పరిశీలింపదలచినవారు ఈ భేదమును మనసున నుంచుకొనవలెను.

కాళీపట్నం రామారావు గారి ‘యజ్ఞం’ 1960 దశకమున వెలువడినది. నాటినుండి నేటివఱకు ఆ కథను గూర్చి జరిగినంత చర్చ మఱి యే తెలుగు కథను గూర్చియు జరిగియుండదు. ఆ చర్చలో నెక్కువ భాగము రెండు విషయముల చుట్టు తిరిగినది: ఒకటి అప్పు, రెండవది ముగింపు. అప్పు న్యాయమైనదా, తీర్పు ధర్మమైనదా, కన్నతండ్రి బిడ్డను చంపుట సంభావ్యమా అని విమర్శకులు వాదించుకొనిరి. ఈ ప్రశ్నలన్నియు అవసరమైనవే. అయినను ‘యజ్ఞం’ మూలమున అప్పు కథ కాదు, కూలి కథ యని నా యభిప్రాయము. అట్లు చదివినప్పుడే దాని ముగింపునకు తర్కము దొరకును. ఈ వ్యాసమున ఆ యభిప్రాయమును సమర్థించుటయే గాక, దాని హద్దులను గూడ సూచింపదలచితిని.

కథ నడచిన కాలమున చట్టము కూలిని గూర్చి యేమి చెప్పుచుండెనో ముందుగా తెలిసికొనవలెను. పనివానికి వేతనము నిర్ణయించుటలో రాజ్యము జోక్యము చేసికొనుట మనకు క్రొత్తగాదు. కౌటిల్యుడు తన అర్థశాస్త్రమున, వేతనము ముందుగా మాట్లాడుకొననిచో కర్షకునకు పంటలో, గోపాలకునకు నేతిలో, వర్తకుని పనివానికి సరకులో పదవవంతు చెల్లునని విధించెను. ఆధునిక కాలమున న్యూజిలాండు 1894లోను, ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రము 1896లోను, బ్రిటను 1909లోను కనీస వేతన విధానమునకు శాసనరూప మిచ్చినవి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1928లో దీనిపై ఒక ఒడంబడికను, 1951లో వ్యవసాయ కార్మికుల కొఱకు ప్రత్యేకముగా మఱియొక ఒడంబడికను ఆమోదించినది. మనదేశమున కనీస వేతనముల చట్టము 1948లో వచ్చినది. దాని అనుబంధమున మొదటి భాగము బియ్యపు మిల్లులు, నూనె మిల్లులు, పొగాకు, రాతిపని మొదలగువానిని పేర్కొనగా, రెండవ భాగము వ్యవసాయమునకే కేటాయింపబడినది. అయిదేండ్లకు మించకుండ రేట్లను పునఃపరిశీలింపవలెనని 3వ విభాగము చెప్పినది. వేతనము నగదుగా నీయవలెననియు, ధాన్యరూపమున నిచ్చు ఆచారమున్నచోట ప్రభుత్వము అనుమతింపవచ్చుననియు 11వ విభాగము చెప్పినది. కనీస వేతనమునకు తక్కువగా పనిచేయుటకు పనివాడు తానై ఒప్పుకొన్నను ఆ ఒప్పందము చెల్లదని 25వ విభాగము చెప్పినది. ఈ చివరి మాట మన చర్చకు మిక్కిలి ముఖ్యము.

అదే 1948లో మద్రాసు శాసనసభ ఎస్టేటుల రద్దు చట్టమును చేసినది. విజయనగరము, బొబ్బిలి మొదలగు సంస్థానములు ఏలిన ఈ ప్రాంతమున దాని ప్రభావము అపారము. ఒకే సంవత్సరమున ఒక చట్టము భూమిని గూర్చియు, మఱియొకటి కూలిని గూర్చియు మాటాడినవి. భూమిని గూర్చిన చట్టము పల్లెకు వచ్చినట్లు పల్లెవాసు లెల్లరు నెఱుగుదురు. శిస్తు కట్టు చోటు మారినది, పట్టాలు మారినవి. కూలిని గూర్చిన చట్టము వచ్చిన జాడ పల్లెలో ఎచ్చట కనబడినది? ‘యజ్ఞం’ ఈ రెండు చట్టముల నడుమ నేర్పడిన వెలితిలో పుట్టిన కథ.

కథాసంగ్రహము పాఠకులకు తెలిసినదే. సుందరపాలెమను గ్రామమున అప్పల్రాముడను దళిత రైతు గోపన్న యను వర్తకునకు బాకీపడినాడు. గ్రామ పెద్ద శ్రీరాములునాయుడు ఆధ్వర్యమున ధర్మమంటపము వద్ద విచారణ జరుగును. చర్చ సాగి సాగి, ఉన్న భూమి నమ్మి బాకీ తీర్చవలెనన్న నిర్ణయము వచ్చును. అప్పల్రాముడు తలవంచును. కొడుకు సీతారాముడు తలవంచడు. తన బిడ్డ తనవలె, తన తాతలవలె ఊడిగపు బ్రదుకు బ్రదుకరాదని ఆ బిడ్డను తానే చంపి సభ ముందుంచును.

ఇందు సీతారాముడు భయపడినది దేనికి? పేదరికమునకు కాదు. పేదరికము ఆ కుటుంబమునకు కొత్తకాదు. అప్పునకును కాదు, భూమి యమ్మినచో అప్పు తీరిపోవును. అప్పు తీరిన తరువాత మిగులు బ్రదుకు నకే అతడు భయపడెను. భూమి పోయినవాని చేతిలో మిగులునది శ్రమ యొక్కటే. ఆ శ్రమకు నికరమైన ధర యున్నచో భూమి పోవుట నష్టము మాత్రమే యగును, వినాశము కాదు. చెయ్యియు కాలును ఆడువాడు కూలిచేసికొని స్వతంత్రముగా బ్రదుకగలడు. అట్టి ధర లేనిచోట భూమి పోవుట యనగా కూలివానిగా మారుట కాదు, కంబారిగా మారుట. ఆ కంబారితనము తండ్రితో ముగియదు, బిడ్డకు దిగును. కావున ధర్మమంటపమున విచారింపబడినది అప్పే యైనను, సీతారాముని లెక్కలో విచారణకు వచ్చినది కూలి. పెద్దలు ఒక లెక్క చూచుచుండగా అతడు వేఱొక లెక్క చూచుచున్నాడు. కథయొక్క విషాదమంతయు ఈ రెండు లెక్కల నడుమ నున్నది.

ఇచట రామారావు గారి నిర్మాణ పద్ధతిని గమనింపవలెను. ఈ కథలో దుర్మార్గుడెవడును లేడు. శ్రీరాములునాయుడు క్రూరుడు కాడు; ఊరి మేలు కోరినవాడు, మర్యాదస్తుడు. రోడ్డు, బడి మొదలగు అభివృద్ధి పనులకు పాటుపడినవాడు. కోర్టులకు పోకుండ తగవులు తీర్చుకొను ఊరని ఆ యూరికి గర్వము. కథలో దౌర్జన్యము లేదు. ఓపికతో, మన్ననతో సాగిన సంభాషణ యున్నది. పెద్దలు కోరునది అప్పల్రాముని సొత్తు మాత్రమే కాదు, అతని ఒప్పుదల. ఆ ఒప్పుదల కొఱకే అంత దీర్ఘమైన చర్చ. కథ నిడివి యెక్కువైనదని యనువారు కలరు. కాని ఒక మనిషి చేత తన వినాశమునకు తానే ఒప్పుకొనునట్లు చేయుటకు ఎంత మర్యాద, ఎంత కాలము, ఎంత తర్కము పట్టునో చూపుటకు ఆ నిడివి అవసరము. తొందరపెట్టినచో అది బలవంతమై కనబడెడిది. రచయిత చూపదలచినది బలవంతము కనబడని బలవంతము.

ఇప్పుడు 25వ విభాగమును స్మరింతము. ఆకలిగొన్నవాడు తక్కువ కూలికి ఒప్పుకొనినను ఆ ఒప్పుదల ఒప్పుదల కాదని చట్టము 1948లోనే గుర్తించినది. సర్వోన్నత న్యాయస్థానము 1982లో దీనిని ఇంకొక మెట్టు పైకి తీసికొనిపోయినది. ఢిల్లీలో ఆసియా క్రీడల నిర్మాణపు పనులలో కూలీలకు కనీస వేతనము ముట్టలేదన్న వ్యాజ్యమున, న్యాయమూర్తి పి. ఎన్. భగవతి, కనీస వేతనమునకు తక్కువ పుచ్చుకొని పనిచేయుట రాజ్యాంగము 23వ అధికరణము నిషేధించిన వెట్టియే యగునని తీర్పు చెప్పెను. కొరడా యొక్కటే బలవంతము కాదనియు, వేఱు దారి లేకుండజేయు ఆకలియు, దారిద్ర్యమును బలవంతములే యనియు ఆ తీర్పులోని సారాంశము. మన మాటలలో చెప్పవలెనన్న, కూలికిని వెట్టికిని నడుమ గీత యెచ్చట నున్నదో న్యాయస్థానము అప్పుడు గీచి చూపినది. సుందరపాలెపు ధర్మమంటపమున ఆ గీత చెఱిగిపోయిన దృశ్యమును రామారావు గారు అంతకు పదునైదేండ్లకు పైగా ముందే చిత్రించియుండిరి. వెట్టిచాకిరి రద్దు చట్టము సైతము 1976వఱకు రాలేదు.

ముగింపును ఆక్షేపించువారి వాదము నిచట న్యాయముగా పరిశీలింపవలెను. భూమి లేనివారు లక్షలమంది కూలి చేసికొని బ్రదుకుచుండగా సీతారాముడు బిడ్డను చంపుట అతిశయోక్తి కాదా అని వారి ప్రశ్న. ఈ ప్రశ్న బలమైనదే. కాని ఇది ఒక యూహపై నిలిచియున్నది. కూలి చేసికొని బ్రదుకవచ్చుననుటకు ఆ యూరిలో కూలి యనునది నిలిచియుండవలెను. అడిగిన ధర దొరకవలెను. దొరకనిచో అడుగుటకు ఒక చోటు ఉండవలెను. 1948 చట్టము 20వ విభాగమున అట్టి చోటు నేర్పరచినది. తక్కువ ముట్టినవాడు ఆరు నెలలలోగా అధికారికి అర్జీ పెట్టుకొనవచ్చును; అధికారి తక్కువైన మొత్తమునకు పది రెట్లవఱకు నష్టపరిహారము విధింపవచ్చును. అర్జీ పెట్టుకొనిన కంబారి మఱునాడు ఎవరి పొలమున పనికి పోవలెనో చట్టము చెప్పలేదు. కావున ముగింపు అతిశయోక్తి యనువారు, చట్టము కాగితముపై చెప్పిన కూలి పల్లెలో నున్నట్లు చూపవలసియుండును. చూపలేనంతవఱకు ఆ బిడ్డ మరణము చట్టమునకును పల్లెకును నడుమగల దూరమును కొలుచు కొలతగా నిలుచును. హత్యను రచయిత సమర్థించెనా యనునది వేఱు ప్రశ్న. ఒకని చేష్ట వెనుకనున్న లెక్కను విప్పి చూపుట దానిని సమర్థించుట కాదు.

ఈ లెక్కల ధోరణి ఒక్క రామారావు గారిది కాదు. విజయనగరమునకు చెందిన చాగంటి సోమయాజులు గారు (1915-1994) అంతకు ఇరువది యేండ్లకు ముందే దీనికి దారితీసిరి. ఆయన ‘ఎంపు’ కథలో పాత్రలు ముష్టివారు. పెండ్లీడు వచ్చిన కూతురు కుంటివానిపై మనసు పడగా, గ్రుడ్డివాడే మేలని తండ్రి ఆమెకు నచ్చచెప్పును. గ్రుడ్డివానికి బిచ్చ మెక్కువ దొరకును, కావున సంపాదన గలవాడు అతడే యని అతని తర్కము. కూలి కూడ లేనివారిలో సంపాదన లెక్క యిట్లున్నదని చదివినవాడు మొదట నవ్వును, పిమ్మట ఆ నవ్వునకు సిగ్గుపడును. ఆ లెక్కలో తప్పు లేదు. లెక్క సరియైనకొలది దాని ఫలితము ఘోరముగా కనబడును. ‘యజ్ఞం’లో శ్రీరాములునాయుని తర్కమునకును ఈ ముష్టివాని తర్కమునకును ఈ విషయమున చుట్టరికము కలదు. రెండు చోట్లను ఎవరును ఎవరిని బలవంతపెట్టరు. రెండు చోట్లను ఒప్పుదలయే ముగింపునకు దారితీయును.

‘కుంకుడాకు’ కథలో చాసో మఱియొక సంగతిని చూపిరి. ఆకులు, పుల్లలు ఏరి తెచ్చు పేదపిల్ల పని యే యజమానికిని చెందినది కాదు. కావున దానికి కూలి లేదు. కాని ఆమె తెచ్చిన గంప లేనిచో ఆ యింట పొయ్యి వెలుగదు. ఆ యింటికి వచ్చు కూలి చాలనందున, చాలని భాగమును పిల్ల తన బాల్యముతో పూరించుచున్నది. బడికి పోవు పిల్లను ప్రక్కన నిలిపి రచయిత ఈ సంగతిని వ్యాఖ్య లేకుండ స్ఫురింపజేసెను. ‘ఎందుకు పారేస్తాను నాన్నా’ కథలో చదువు మానవలసివచ్చిన బాలుని బాధయు ఇట్టిదే. 1957లో జరిగిన 15వ భారత కార్మిక సమ్మేళనము కనీస వేతనమునకు కొలతలు నిర్ణయించినది: ఒక సంపాదనపరునకు మూడు వినియోగ ప్రమాణములు, ప్రమాణమునకు దినమునకు 2700 కాలరీల ఆహారము, నలుగురు గల కుటుంబమునకు ఏడాదికి 72 గజముల గుడ్డ, ఇంటి అద్దె, వంటచెఱకు దీపము మొదలగువానికి మొత్తములో 20 శాతము. ఈ జాబితాలో బడి లేదు. పిల్లల చదువు, వైద్యము మొదలగువానికి మఱి 25 శాతము కలుపవలెనని సర్వోన్నత న్యాయస్థానము 1991లో చెప్పినది. వంటచెఱకును లెక్కలో చేర్చిన సమ్మేళనము దానిని ఏరి తెచ్చు పిల్లను లెక్కింపలేదు. 1940 దశకపు కథ ఆమెను లెక్కించినది.

స్త్రీల శ్రమ విషయమున ‘యజ్ఞం’ మౌనముగా నున్నదన్న మాట వాస్తవము. ధర్మమంటపము పురుషుల సభ. కథయు అచటనే నడచుటచే, ఆ యింటి ఆడువారి రెక్కల కష్టము పాఠకుని కంటికి ఆనదు. ఆ లోటును రామారావు గారే ‘ఆర్తి’ కథలో పూరించిరి. పుట్టినింటికిని అత్తింటికిని నడుమ ఒక కూలిపిల్లను గూర్చి జరుగు తగవు ఆ కథకు వస్తువు. పిల్లపై మమకారము రెండు వైపుల నున్నది. పిల్ల తెచ్చు కూలిడబ్బుపై ఆశయు రెండు వైపుల నున్నది. ఏది మమకారమో ఏది ఆశయో వేఱుచేయరాని స్థితికి దారిద్ర్యము వారిని తెచ్చినది. కూలి కొలత తక్కువైనచో తల్లిప్రేమ సైతము కొలతకు వచ్చునని ఆ కథ చెప్పుచున్నది. పురుషునకును స్త్రీకిని సమాన వేతనమని రాజ్యాంగ ఆదేశసూత్రము చెప్పినను, దానికి చట్టరూపము 1976లో గాని రాలేదు.

ఇక ‘యజ్ఞం’ హద్దును గూడ చెప్పవలెను. ఆ కథలో సభ పెద్దదే. కాని సభలోని బీదలు ప్రేక్షకులు. కూలి పెంచుమని పదుగురు కలసి అడుగు దృశ్యము అందు లేదు. అదే దశకమున అదే శ్రీకాకుళము జిల్లా కొండలలో వెంపటాపు సత్యనారాయణ, ఆదిభట్ల కైలాసము అను ఇరువు రుపాధ్యాయుల నాయకత్వమున గిరిజనులు సంఘముగా నేర్పడి, కంబారుల జీతములు పెంచవలెనని అడిగి కొంత సాధించిరి. 1967 అక్టోబరు 31న లేవిడి వద్ద ఇద్దరు గిరిజనులు హతులగుటతో ఆ యుద్యమము మార్గము మారి సాయుధపోరాటముగా పరిణమించినది. దాని మంచిచెడ్డలు చరిత్రకారులు తేల్చవలసినవి. సాహిత్య విమర్శకునకు కావలసిన దింతవఱకే: కూలి యనునది దయతో పెరుగునది కాదనియు, శాసనము చేసినంతనే చేతికి వచ్చునది కాదనియు, అడుగువా రుండవలెననియు ఆ జిల్లా ప్రజలకు తెలిసిన కాలమున, రామారావు గారు అడుగువారు లేని ఊరిని చిత్రించిరి. ఇది లోపమా? సీతారాముని ఏకాకితనమే ఆ చేష్టకు కారణమని చదివినచో లోపము కాదు. కాని ‘యజ్ఞం’ కళింగాంధ్ర గ్రామజీవితమునకు సమగ్ర చిత్రమని బోధించునపుడు ఈ పరిమితిని విద్యార్థులకు చెప్పక విడుచుట తగదు.

చట్టము తరువాతి గతియు ఈ కథలను నేడు చదువువారికి అవసరమే. 2005 నాటి గ్రామీణ ఉపాధి హామీ చట్టము తన 6వ విభాగమున, కనీస వేతన చట్టముతో నిమిత్తము లేకుండ కేంద్రము కూలి రేటు నిర్ణయించుటకు వీలు కల్పించుకొనినది. కనీసమునకు దిగువన మఱియొక కనీసమును శాసనమే సృష్టించినదని అప్పుడు ఆక్షేపణ వచ్చినది. 2019లో పార్లమెంటు ఆమోదించిన వేతన స్మృతి 1948 చట్టమునకు బదులుగా వచ్చి, అనుబంధమున పేర్కొన్న పనులకు మాత్రమే యను పాత పరిమితిని తొలగించి, ఉద్యోగులందఱికిని కనీస వేతనము వర్తించునని చెప్పినది. శాసనము విస్తరించినది, మంచిదే. అది కంబారి వాకిటివఱకు నడచిపోవునా యనునది 1948లో నున్న ప్రశ్నయే.

మనము, అనగా అధ్యాపకులము, వేతనశ్రేణులలో జీవించువారము. ధరలు పెరిగినపుడు కరవుభత్యము పెరుగును; కొన్ని యేండ్లకొకమారు వేతనసంఘము కూర్చుండును; తక్కువైనచో విన్నవించుకొనుటకు చోటు కలదు. రామారావు గారును జీవితమంతయు విశాఖపట్టణమున ఉపాధ్యాయుడుగా జీతముపై బ్రదికినవారే. జీతమునకును జీవితమునకును గల ఏకత్వము మనకు నిఘంటువులోని సంగతి. సీతారామునకు అది చావుబ్రదుకుల సంగతి. ఈ తేడా తెలియనిచో ‘యజ్ఞం’ తరగతిగదిలో భయంకరమైన ముగింపు గల ఒక కథగా మాత్రమే మిగులును.

పరిశోధక విద్యార్థులు చేయదగిన పని ఈ దారిలో ఎంతయో కలదు. కళింగాంధ్ర కథలలో కూలి యెన్ని రూపములలో వచ్చినదో, కుంచములలోనా, రూపాయలలోనా, అంబలిలోనా, పాతబట్టలోనా, వరుసగా గుర్తించి, ఆయా సంవత్సరముల ప్రభుత్వ ప్రకటనలతో సరిపోల్చవచ్చును. పని, కూలి, అప్పులకు సంబంధించిన మాండలిక పదములను శ్రీకాకుళము, విజయనగరము పల్లెలలో సేకరింపవచ్చును. 1997లో రామారావు గారు శ్రీకాకుళమున స్థాపించిన కథానిలయము ఇట్టి పనికి ఆకరము. 2021లో ఆయన గతించిరి. ఆయన కథకు నిజమైన వ్యాఖ్యానము, అందలి లెక్కలను సరిచూచుటతో మొదలగును.